అటాక్ రాలేదంటే జబ్బు ఆగినట్టేనా?

మెదడునూ వెన్నుపామునూ దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉన్నవాళ్ళ ఇంట్లో రెండు మాటలు తరచుగా వినిపిస్తుంటాయి. చూపో నడకో ఉన్నట్టుండి దెబ్బతిని కొన్నాళ్ళకు సర్దుకోవడాన్ని ఈ జబ్బులో అటాక్ అంటారు. ఒకటి, "ఈమధ్య అటాక్ ఏమీ రాలేదు గదా, ఇంకేం, తగ్గిపోయినట్టే." రెండోది, "ఒంట్లో ఇమ్యూనిటీ లేకనే ఇట్టాంటివి వస్తాయి, ఇమ్యూనిటీ పెంచుకోవాల." మొదటి మాట చదువుకున్నవాళ్ళంటారు, అప్పుడప్పుడూ డాక్టర్లూ అంటారు. రెండోది పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ అంటారు. నా లెక్కలో రెండూ తప్పే. మన రోగనిరోధక వ్యవస్థలో పుట్టుకతోనే వచ్చే భాగం ఒకటుంది. ఈ జబ్బు గురించి మాట్లాడేటప్పుడు దాన్ని పక్కన పెట్టేయడం వల్ల వచ్చిన తప్పులివి.

నేను నెల్లూరులో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. పుట్టుకతో వచ్చే ఆ భాగానికి మా పాఠంలో దక్కేది కాసిని వాక్యాలు. చర్మం, కన్నీళ్ళు, జ్వరం, చొరబడ్డవాటిని మింగేసే మాక్రోఫేజ్‌లు అని వరుసగా చెప్పేసి, ఇవి మొదటి వరుస రక్షణ అనేసి, అసలు సంగతి తర్వాత ఉందన్నట్టు టి కణాలకూ బి కణాలకూ వెళ్ళిపోతాం. మార్కులూ అక్కడే ఉంటాయి. గుర్తుపెట్టుకునే శక్తి, ఫలానా శత్రువునే వెతికి కొట్టే నేర్పు ఆ రెండింటికీ ఉన్నాయి కాబట్టి తెలివంతా వాటిదేనని పిల్లలు అనుకుంటారు. డాక్టర్లయ్యాక కూడా చాలామందిలో ఆ భావన అట్లాగే ఉండిపోతుందని నా అనుమానం.

ఈ గొడవంతా నాకెందుకంటే మా పెద్దమ్మ కూతురి వల్ల. అక్కను కనిగిరి దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. ముప్పై దాటాక కాళ్ళు బిగుసుకుపోవడం మొదలైంది. ఆ వైపు ఎవరికైనా కాళ్ళు బిగుసుకుంటే మొదట వినపడే మాట ఫ్లోరైడ్. అనడంలో వింతేమీ లేదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదటిసారి వివరంగా రాసింది 1937లో, అదీ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే. కనిగిరి, పొదిలి అప్పుడు నెల్లూరు కిందే ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయాయి. ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగినవాళ్ళకు వెన్నెముక గట్టిపడి, ఎముక పెరిగి, లోపలున్న వెన్నుపామును నొక్కుతుంది. నడక అచ్చం ఇట్లాగే బిర్రబిగుస్తుంది. కాకపోతే అక్క పుట్టి పెరిగింది కోవూరు దగ్గర, పెన్న నీళ్ళు తాగి. ఆ సంగతి ఎవరూ అడగలేదు. ఎక్స్‌రేలో ఎముకలు మామూలుగా ఉన్నా ఫ్లోరైడ్ అనే మాట మాత్రం ఆమెను వదల్లేదు.

అంతకు ముందెప్పుడో ఒక కన్ను మసకబారింది. కన్ను తిప్పితే నొప్పి. కొన్ని వారాలకు దానంతటదే సర్దుకుంది. కంటికీ కాలికీ సంబంధం ఉంటుందని ఎవరికి తోస్తుంది? నెల్లూరు పొగతోటలో ఒక డాక్టరు ఆ రెండింటినీ కలిపి చూసి, మద్రాసు పంపించి ఎమ్మారై తీయిస్తే అప్పుడు పేరు బయటపడింది. మన దగ్గర ఆ పేరు పెట్టే ముందు క్షయ కాదని, బి12 లోపం కాదని, ఎన్ఎంఓ అనే దగ్గరి చుట్టం కాదని తేల్చుకోవాలి. ఎన్ఎంఓకు రక్తంలో ప్రత్యేకమైన యాంటీబాడీ ఉంటుందని 2004లో కనిపెట్టారు. దాని మందులు వేరు, మల్టిపుల్ స్క్లెరోసిస్‌కి వాడే కొన్ని మందులు దానికి హాని చేస్తాయి. అందుకే ఈ పరీక్షల దగ్గర ఖర్చుకు వెనకాడకూడదంటాను.

మందు మొదలయ్యాక అక్కకు కొత్త అటాక్ రాలేదు. ఎమ్మారైలో కొత్త మచ్చలూ లేవు. అందరం సంతోషించాం. ఆమె మాత్రం ఒకరోజు ఫోన్లో, "ఫిల్ము బాగుందంట రా అబ్బాయ్. మరి కాలెందుకు ముందుకు పడకుండా పోతా ఉండాది?" అంది. అంతకు ముందు మిద్దె మీదికి బట్టలు ఆరేయడానికి ఎక్కేది, ఇప్పుడు ఎక్కడం లేదు. చెప్పులు జారిపోతుంటే తెలియడం లేదు. డాక్టరును అడిగితే, "అటాక్ లేదు కదమ్మా, టెన్షన్ పడొద్దు" అన్నారు. ఆయనను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన చూస్తున్న కొలబద్దలో అంతా బాగానే ఉంది. నాకు అనుమానం వచ్చింది కొలబద్ద మీదే.

ఆ కొలబద్ద ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. పారిస్‌లో షార్కో 1868లో ఈ జబ్బును వేరుగా గుర్తించి వర్ణించాడు. మెదడులో, వెన్నుపాములో నరపు పోగుల చుట్టూ మయలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. అక్కడక్కడా ఆ పొర ఊడిపోయి, ఆ చోటు గట్టిపడి మచ్చవుతుంది. సంకేతాలు మందగిస్తాయి, తప్పిపోతాయి. పొర ఊడిన పోగు వేడిని కూడా తట్టుకోలేదు. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా సంకేతం ఆగిపోవచ్చు. ఊతోఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు 1890లోనే ఇది గమనించాడు. మా వైపు రోహిణి కార్తెలో ఇది ఎంత నరకమో చెప్పక్కర్లేదు. పదకొండు గంటలకు బస్టాండు దాకా నడిచి వస్తే అక్కకు కన్ను మసకబారుతుంది, కాళ్ళు తేలిపోతాయి. ఏసీలో అరగంట కూర్చుంటే మళ్ళీ మామూలు మనిషి. "ఇప్పుడే గదా నడవలేనంది, నాటకాలు" అని చుట్టాలు అనుకోవడం కూడా విన్నాను. అది నాటకం కాదు, కొత్త అటాకూ కాదు. పాత గాయాల మీద ఎండ పని.

పొర ఎందుకు ఊడిపోతుంది అన్నదానికి ఇరవయ్యో శతాబ్దంలో కుదిరిన జవాబు టి కణం. 1933లో థామస్ రివర్స్ కోతులకు మెదడు కణజాలాన్ని మళ్ళీ మళ్ళీ ఇంజెక్ట్ చేస్తే వాటికి ఇటువంటి జబ్బే వచ్చింది. ఆ తర్వాత ఎలుకల మీద దశాబ్దాల పని. మయలిన్‌ను పరాయిదని పొరబడిన టి కణాలు రక్తంలోంచి మెదడులోకి దూరి దాడి చేస్తాయని తేలింది. బి కణాలు వాటికి తోడవుతాయని తర్వాత తెలిసింది. ఈ కథ అబద్ధమని నేననను. దీన్ని నమ్ముకునే మందులు వచ్చాయి. 1993లో అమెరికాలో ఇంటర్‌ఫెరాన్ బీటా, 2004లో తెల్లకణాలను మెదడు గడప దాటనివ్వని నటాలిజుమాబ్, 2017లో బి కణాలను తీసేసే ఒక్రెలిజుమాబ్. మన దేశంలో అదే పని చేసే రిటుక్సిమాబ్‌ను తక్కువ ఖర్చులో వాడుతున్నారు. ఏటా అటాకులతో మంచం పట్టే కాలం నుంచి, ఏళ్ళ తరబడి అటాక్ లేని కాలానికి వచ్చాం. ఇది చిన్న సంగతి కాదు.

అయితే ఎలుకకు ఈ జబ్బు తెప్పించే పద్ధతిలోనే ఒక తిరకాసు ఉంది. దాని గురించి పాఠాల్లో ఎవరూ ఎక్కువ మాట్లాడరు. మయలిన్ ప్రోటీను ఒక్కటే ఇంజెక్ట్ చేస్తే మామూలు ఎలుకకు ఏమీ కాదు. దాన్ని నూనెలో కలపాలి, ఆ నూనెలో చంపిన క్షయ బ్యాక్టీరియా ఉండాలి. ఫ్రాయిండ్స్ అడ్జువెంట్ అంటారు దాన్ని. చాలా జాతుల ఎలుకలకు అది కూడా చాలక కోరింత దగ్గు విషం కూడా ఎక్కిస్తారు. ఈ మసాలా లేకుండా ప్రయోగాలు నడవవన్న సంగతి రోగనిరోధక శాస్త్రజ్ఞులు దాచుకునే చిన్న రహస్యమని 1989లో చార్లెస్ జేన్‌వే ఎత్తిపొడిచాడు. బ్యాక్టీరియా ముక్కల ఆనవాళ్ళను పసిగట్టే కణాలు వేరే ఉండాలనీ, అవి మేలుకుంటే తప్ప టి కణాలు కదలవనీ ఊహించాడు. ఊహ నిజమైంది. ఆ కణాల్లో ముఖ్యమైనవి డెండ్రైటిక్ కణాలు. రాల్ఫ్ స్టైన్‌మన్ వాటిని 1973లో వర్ణిస్తే, నోబెల్ 2011లో వచ్చింది, అదీ ఆయన కన్నుమూసిన మూడు రోజులకు.

అంటే టి కణం దానంతట అది దేన్నీ చూడలేదు. ఎవరో శత్రువు ముక్కను పట్టుకుని చూపించాలి, ఇది ప్రమాదమని హెచ్చరించాలి. ఆ పని పుట్టుకతో వచ్చిన కణాలది. మెదడు పొరల దాకా చేరుకున్నాక కూడా అక్కడ ఇంకోసారి చూపించేవాళ్ళు లేకపోతే టి కణం పని మొదలుపెట్టదు. మనం టి కణంతో మొదలుపెట్టి చెప్పే కథకు ముందే ఒక అధ్యాయం నడిచిపోయిందన్నమాట.

ఇక గాయం చోటికి వద్దాం. చనిపోయినవాళ్ళ మెదళ్ళలో తాజా గాయాలను మైక్రోస్కోపు కింద చూసినవాళ్ళు చెప్పేది ఏమిటంటే, అక్కడ టి కణాలు తక్కువ. కిక్కిరిసి ఉండేవి మాక్రోఫేజ్‌లూ, మెదడులోనే కాపురముండే మైక్రోగ్లియా అనే కణాలే, మింగిన మయలిన్ ముక్కలతో ఉబ్బిపోయి. పొరను ఊడదీసే చేతులు వీటివి. ఇవి రెండూ చూపుకు ఒకటే, పుట్టుక వేరు. మాక్రోఫేజ్‌లలో చాలా వరకు రక్తంలో తిరిగే మోనోసైట్లు గాయం దగ్గరికి వచ్చి మారినవి. ఎలుకల్లో వాటిని రంగులతో విడదీసి 2011లో, 2014లో చేసిన పరిశీలనల్లో ఒక సంగతి బయటపడింది. రక్తం నుంచి వచ్చిన మోనోసైట్లు ఎప్పుడు మెదడులోకి, వెన్నుపాములోకి దూరతాయో అప్పుడే పక్షవాతం ముదురుతోంది. పొరను మొదట పీకేది అవే. ఇంట్లో ఉన్న మైక్రోగ్లియా ఆ దశలో చెత్త ఎత్తే పనిలో ఉంటాయి. మనిషిలో ఇంత శుభ్రంగా విడిపోతుందని నేననుకోను, కానీ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదని మాత్రం అర్థమవుతుంది.

మైక్రోగ్లియా మీద నాకు కొంచెం పక్షపాతం ఉంది, ఒప్పుకుంటాను. 1919లో పియో డెల్ రియో ఓర్టేగా అనే స్పెయిన్ శాస్త్రజ్ఞుడు వెండి లవణాలతో రంగు వేసే పద్ధతి కనిపెట్టి వీటిని వేరుగా చూపించాడు. ఇవి పుట్టేది ఎముక మజ్జలో కాదు. పిండం ఇంకా బియ్యపు గింజంత కూడా లేనప్పుడు సొనసంచిలో పుట్టి, మెదడు తయారవుతుండగానే అందులో చేరిపోయి, బతికినన్నాళ్ళూ అక్కడే ఉంటాయి. ఎలుకల్లో దీన్ని 2010లో నిరూపించారు. వీటికి సన్నని కొమ్మలుంటాయి. బతికున్న ఎలుక మెదడులో 2005లో చూసినప్పుడు, ఏ గాయమూ లేకపోయినా ఆ కొమ్మలు అదేపనిగా కదులుతూ చుట్టూ తడుముతూనే ఉన్నాయి. రోగనిరోధక కణాలన్నీ బయటి నుంచి రావలసినవే అనుకునేవాళ్ళకు ఇది ఇబ్బంది కలిగించే సంగతి. ఈ కణాలు పుట్టి పెరిగిన ఇల్లే అది.

దీని పర్యవసానం ఏమిటంటే, రక్తంలో బి కణాలు లేకుండా చేసినా, తెల్లకణాలకు గడప దగ్గరే అడ్డుకట్ట వేసినా, లోపల ఉన్నవాటికి ఏమీ కాదు. పైగా ఇప్పటి గట్టి మందుల్లో చాలా వరకు యాంటీబాడీలు. పెద్ద అణువులు కాబట్టి రక్తంలోంచి మెదడులోకి వెళ్ళేది బహు స్వల్పం. వరి కోతలయ్యాక గడ్డివామికి నిప్పంటుకుంటే పైన మంట ఆర్పేసి ఇంటికి వెళ్ళిపోతామా? లోపల కుములుతూనే ఉంటుందని మనవాళ్ళకు తెలుసు, వామిని విప్పి తిరగేస్తారు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో మనం పైన మంట ఆర్పడం నేర్చుకున్నాం.

లోపల కుములుతోందనడానికి సాక్ష్యం ఉంది. ఒక్రెలిజుమాబ్ పరీక్షల్లో పాల్గొన్నవాళ్ళ లెక్కలను తిరగేసి 2020లో ఒక విశ్లేషణ వచ్చింది. వాళ్ళంతా అటాకులు వచ్చి తగ్గే రకం రోగులే. వైకల్యం పెరిగిన సందర్భాలను ఏరి చూస్తే, ఎక్కువ భాగం అటాక్‌తో సంబంధం లేకుండా పెరిగినవే. జబ్బు మొదట్లో అటాకులు, పది పదిహేనేళ్ళ తర్వాత మెల్లగా దిగజారడం అని రెండు గదులుగా చెప్పుకునేవాళ్ళం. ఆ మెల్లగా జరిగేది మొదటి నుంచీ అడుగున నడుస్తూనే ఉందన్నమాట. అటాకుల హడావిడిలో కనపడలేదు, మందులు ఆ హడావిడిని తగ్గించాక కనపడుతోంది.

ఎమ్మారైలో కూడా దాని ఆనవాలు పట్టుకున్నారు. కొన్ని పాత మచ్చల అంచున ఇనుము పేరుకుని నల్లటి వలయంలా కనిపిస్తుంది. చనిపోయిన మయలిన్ కణాల్లోంచి బయటపడ్డ ఇనుమును మింగి, ఆ అంచున బారులు తీరి కూర్చున్న మైక్రోగ్లియాలు, మాక్రోఫేజ్‌లు అవి. అవి ఊరికే కూర్చోవు. చురుకైన ఆక్సిజన్ రూపాలను, నైట్రిక్ ఆక్సైడ్‌ను, మంట పెంచే ప్రోటీన్లను విడుదల చేస్తుంటాయి. పక్కనుండి నరకణాలకు ఊతమిచ్చే ఆస్ట్రోసైట్లనే కణాలను కూడా చెడగొట్టగలవని 2017లో చూపించారు. మచ్చ ఏటా కొంచెం కొంచెం పెద్దదవుతుంది, కానీ రంగు మందు ఎక్కించి తీసిన ఫిల్ములో వెలగదు. అందుకే రిపోర్టులో కొత్తగా ఏమీ లేదని వస్తుంది. ఇట్లాంటి వలయపు మచ్చలు నాలుగు అంతకుమించి ఉన్నవాళ్ళు చిన్న వయసులోనే నడకలో, జ్ఞాపకంలో దెబ్బతింటున్నారని 2019లో ఒక అమెరికన్ బృందం ప్రచురించింది. జబ్బును నిర్ధారించే అంతర్జాతీయ ప్రమాణాలను 2024లో సవరించినప్పుడు ఈ వలయాలకూ చోటిచ్చారు. మెదడులో చాలాకాలం పెద్దగా ఎవరూ పట్టించుకోని కణాలకు నిర్ధారణ పత్రంలో స్థానం దొరికినట్టే.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 2022 జనవరిలో అమెరికా సైనికుల రక్త నమూనాల మీద ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. కోటి మందికి పైగా సైనికుల్లో ఈ జబ్బు వచ్చిన 955 మందిని పట్టుకుని వెనక్కి వెళ్ళి చూస్తే, ఎప్‌స్టీన్ బార్ వైరస్ సోకాక జబ్బు వచ్చే అవకాశం 32 రెట్లు పెరిగింది. ఆ వైరస్ కాపురం ఉండేది బి కణాల్లో. బి కణాలను తీసేస్తే అటాకులు ఆగిపోతున్నాయి. జన్యువుల్లో అన్నిటికన్నా బలమైన సంబంధం టి కణానికి ముక్కను చూపించే హెచ్ఎల్ఏ జన్యువుదే. ఇన్ని ఉండగా మైక్రోగ్లియా అంటావేమిటని అడగొచ్చు.

నా జవాబు ఇది. మొదట అంటించింది ఎవరన్న ప్రశ్నకు ఆ సాక్ష్యాలన్నీ గట్టివే. అసలు ముక్కను చూపించే పని డెండ్రైటిక్ కణాలది కూడా కాబట్టి హెచ్ఎల్ఏ సాక్ష్యం పూర్తిగా అటువైపే మొగ్గదు, అది వేరే సంగతి. కానీ పదేళ్ళుగా కొత్త మచ్చ లేని మనిషికి కాలు ఎందుకు బరువెక్కుతోందన్న ప్రశ్నకు వైరస్ జవాబు చెప్పదు, బి కణాలు తీసేసిన రక్తం జవాబు చెప్పదు. రోగి అడుగుతున్నది ఆ రెండో ప్రశ్న.

ఈ మధ్య వచ్చిన ఒక మందు నా వాదానికి బలం ఇచ్చింది. టోలెబ్రుటినిబ్ అని చిన్న అణువు, నోటి మాత్ర. మెదడులోకి వెళ్ళగలదు. అది అడ్డుకునే బీటీకే అనే ఎంజైమ్ బి కణాల్లోనూ మైక్రోగ్లియాలోనూ ఉంటుంది, టి కణాల్లో ఉండదు. అటాకులు వచ్చే రోగుల్లో పాత మాత్ర టెరిఫ్లూనమైడ్‌తో పోల్చి చూస్తే అటాకులు తగ్గించడంలో ఇదేమీ మెరుగ్గా లేదు. పాత కొలబద్ద ప్రకారం ఫెయిల్. అదే మందును అటాకులు ఆగిపోయి మెల్లగా దిగజారుతున్నవాళ్ళకు ఇస్తే, ఆరు నెలలు నిలిచే వైకల్యం పెరిగే ముప్పు ఉత్తి మాత్రతో పోలిస్తే 31 శాతం తగ్గింది. ఆ ఫలితాలు 2025లో అచ్చయ్యాయి. అటాకుల మీద ఆధిక్యం చూపలేని మందు, అటాకులు లేని దిగజారుడు మీద పనిచేయడమంటే ఆ రెండూ ఒకే యంత్రాంగం కాదనే గదా. మందు బి కణాలనూ తాకుతుంది కాబట్టి ఇది మైక్రోగ్లియా పనేనని ఖాయంగా ముద్ర వేయలేం. కొందరికి కాలేయం తీవ్రంగా దెబ్బతిన్న సంగతీ ఉంది. నేను దీన్ని ఎవరికీ మందుగా చెప్పడం లేదు, సాక్ష్యంగా చెబుతున్నాను.

ఇక్కడి దాకా చదివినవాళ్ళు, "అయితే ఆ కణాలను చంపేస్తే పోలా" అనుకోవచ్చు. అక్కడే ఈ జబ్బు మెలిక పెడుతుంది. ఊడిన మయలిన్ చెత్త అక్కడే పడి ఉంటే కొత్త పొర అల్లే కణాలు ఎదగవు. ఆ చెత్త ఎత్తేది ఈ మైక్రోగ్లియా, మాక్రోఫేజ్‌లే. ఎలుకల్లో మాక్రోఫేజ్‌లను తగ్గిస్తే పొర బాగుపడడం ఆలస్యమైంది. ముసలి ఎలుకల్లో ఈ పని ఎందుకు కుంటుపడుతుందో కూడా కొంత తెలిసింది. మయలిన్‌లో కొలెస్టరాల్ ఎక్కువ. ముసలి కణాలు దాన్ని మింగుతాయి కానీ అరిగించుకోలేవు, అది లోపలే స్ఫటికాలుగా గడ్డకట్టి మంటను ఆరనివ్వదు. 2012లో ఒక బృందం ముసలి ఎలుక రక్తప్రసరణను పడుచు ఎలుకతో కలిపితే, పడుచు మోనోసైట్లు వచ్చి చెత్త ఎత్తాయి, ముసలి ఎలుకలో కొత్త పొర అల్లుకుంది. వయసు పెరిగేకొద్దీ ఈ జబ్బు ఎందుకు ముదురుతుందన్నదానికి నాకు దొరికిన వివరణల్లో ఇదే నచ్చింది.

టీఎన్ఎఫ్ కథ ఇంకా చేదు. మాక్రోఫేజ్‌లు విడుదల చేసే మంట ప్రోటీన్లలో ఇది పేరుమోసింది. కీళ్ళవాతంలో దాన్ని అడ్డుకునే మందులు అద్భుతంగా పనిచేస్తాయి. అదే లెక్కన మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో లెనర్సెప్ట్ అనే మందుతో దాన్ని అడ్డుకుంటే రోగులకు అటాకులు పెరిగాయి. 1999లో ఆ ఫలితాలు ప్రచురించారు. తర్వాత ఎలుకల్లో చూస్తే, అదే టీఎన్ఎఫ్ ఒక గ్రాహకం ద్వారా పాడు చేస్తూ, ఇంకో గ్రాహకం ద్వారా పొర బాగుచేసే కణాలను పెంచుతోంది. కీళ్ళవాతానికి ఈ మందులు వాడే ముందు రోగికి గానీ ఇంట్లో ఎవరికైనా గానీ ఈ నరాల జబ్బు ఉందా అని డాక్టర్లు అడిగేది అందుకే.

ఇప్పుడు మొదట్లో చెప్పిన రెండో మాట, ఇమ్యూనిటీ పెంచుతామనే పొడుల దగ్గరికి వద్దాం. కరోనా ఏడాది కృష్ణపట్నం రోడ్డు మీద మందు కోసం బారులు తీరిన జనాన్ని చూసినవాళ్ళం మనం. భయంలో ఉన్న మనిషి దేన్నయినా పట్టుకుంటాడు, దానికి నవ్వాల్సిన పని లేదు. మా పెద్దమ్మ బారాషహీద్ దర్గాలో అక్క పేరు చెప్పుకుని స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె పట్టుకుంది. నాకు ఆ రొట్టెతో ఏ పేచీ లేదు, అందరితో పాటు నేనూ ఒక ముక్క తిన్నాను. పేచీ అంతా అక్క ఇంట్లో అల్మారాలో చేరిన డబ్బాలతో. రోగనిరోధక శక్తిని పెంచుతుందని వాటి మీద రాసి ఉంటుంది. దేన్ని పెంచుతుంది? డెండ్రైటిక్ కణాన్ని మేల్కొల్పడమా? మోనోసైట్లను రెచ్చగొట్టడమా? 1980లలో గామా ఇంటర్‌ఫెరాన్ అనే, నిజంగానే మాక్రోఫేజ్‌లను చురుకు చేసే ప్రోటీన్‌ను రోగులకు ఇచ్చి చూశారు. అటాకులు పెరిగి మధ్యలోనే ఆపేశారు. డబ్బాలోది పనిచేయకపోతే డబ్బు దండగ. నిజంగా పనిచేస్తే అంతకన్నా భయం. సిగరెట్ మానడం, టీనేజీలోనే ఒళ్ళు పెరగకుండా చూసుకోవడం, విటమిన్ డి తక్కువుంటే డాక్టరు చెప్పినట్టు సరిచేసుకోవడం, వీటికి మాత్రం ఈ జబ్బులో సాక్ష్యం ఉంది. వీటి మీద ఎవరూ లేబుల్ అంటించి అమ్మరు కాబట్టి చుట్టాల నోట రావు.

మరి మందు లేని చోట ఇవన్నీ తెలిసి ఏం లాభం అని అక్కే అడిగింది. లాభం ఉంది, కొలబద్ద మార్చుకోవచ్చు. అటాక్ వచ్చిందా, కొత్త మచ్చ ఉందా అన్న రెండు ప్రశ్నలతో సరిపెట్టకుండా, నడకను కొలవాలి. ఇరవై అయిదు అడుగులు నడవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడడం ప్రపంచమంతా వాడే పరీక్ష. దానికి యంత్రం అక్కర్లేదు, వరండాలో గీత గీసుకుని సెల్‌ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుంటే చాలు. చల్లటి పొద్దున పూట ఒకే సమయానికి చూసుకోవాలి, లేకపోతే ఎండ లెక్క తారుమారు చేస్తుంది. ఎమ్మారై తీయించేటప్పుడు ఇనుము ఆనవాళ్ళను చూపించే ఎస్‌డబ్ల్యూఐ అనే భాగం కూడా కలపమని, మచ్చల అంచున వలయాలున్నాయేమో చూడమని అడగొచ్చు. చాలా స్కానర్లలో ఆ సౌకర్యం ముందే ఉంటుంది, అడిగేవాళ్ళే లేరు. కొత్త మచ్చ లేకపోయినా నడక తగ్గుతోందంటే ఫిజియోథెరపీ అప్పుడే మొదలుపెట్టాలి, పూర్తిగా కూలబడ్డాక కాదు. బిగుసుకునే కండరాలకు, మూత్రం ఇబ్బందికి, నీరసానికి విడివిడిగా మందులున్నాయి. అటాక్ లేదు కదా అని అవి ఆగిపోకూడదు.

ఇదే కొలబద్ద కాగితాల దగ్గర కూడా ఇబ్బంది పెడుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు స్పష్టంగా ఉంది. చట్టంలో చాలా ప్రయోజనాలకు నలభై శాతం వైకల్యం ఉండాలి. అక్కను పరీక్షించిన రోజు వాన పడి చల్లగా ఉంది, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు బాగానే నడిచింది, శాతం తక్కువ వేశారు. ఏడాదిగా అటాకులు లేవని ఆమె చేతిలో ఉన్న రిపోర్టే ఆమెకు అడ్డమైంది. మళ్ళీ దరఖాస్తు పెట్టేటప్పుడు నడక సెకన్ల కాగితం, వేసవిలో నడకకూ చలికాలంలో నడకకూ తేడా, న్యూరాలజిస్టు చేత రాయించిన వివరం, అన్నీ జత చేస్తున్నాం. అటాకులు లేకుండా వైకల్యం పెరగడం ఈ జబ్బు లక్షణమేనని ఆయన ఒక వాక్యం రాసి సంతకం పెట్టారు. ఆ వాక్యం కోసం వెంటపడి అడగాల్సి వచ్చింది. ఈ జబ్బు ఉన్నవాళ్ళు మీ ఇంట్లో ఉంటే మీరూ అడగండి.